1957 ఫోర్డ్ స్కైలైనర్ కొనాలని ఉంది, కానీ టాప్ సగంలో ఆగిపోతోంది. తీసుకోవచ్చా?

లేక్ ఈరీ:

అందరికీ నమస్తే. క్లీవ్‌లాండ్‌కి గంట దూరంలో ఒక పెద్దాయన 1957 ఫోర్డ్ ఫెయిర్‌లేన్ 500 స్కైలైనర్ అమ్ముతున్నారు. గుడ్డ టాప్ కాదు, ఇనుప టాప్ మొత్తం లేచి డిక్కీలోకి వెళ్ళిపోయే కారు అది. లేత పసుపు, తెలుపు రంగులు. ఇంజిన్ వీ8, ఆటోమేటిక్ గేర్లు. స్టార్ట్ చేస్తే బాగానే నడుస్తోంది, నేను నడిపి చూశాను. 28,000 డాలర్లు అడుగుతున్నారు.

సమస్యల్లా టాప్‌తోనే. స్విచ్ నొక్కితే డిక్కీ మూత వెనక్కి తెరుచుకుని నిలబడుతుంది. అక్కడితో సరి, ఇంకేమీ కదలదు. స్విచ్ అటువైపు నొక్కితే మూత మళ్ళీ బుద్ధిగా మూసుకుంటుంది. "ఎక్కడో ఫ్యూజ్ పోయుంటుంది, చిన్న పని" అంటున్నారాయన. మా అన్నయ్యేమో "అరవై ఏళ్ళు దాటిన కారు, లోపలంతా వైర్ల అడవి, జోలికెళ్ళకు" అంటున్నాడు.

చిన్నప్పుడు ఒక పాత పత్రికలో ఈ కారు బొమ్మ చూశాను. టాప్ గాల్లో నిలబడి ఉంది, అది అబద్ధం బొమ్మ అనుకున్నాను. ఇప్పుడు నిజంగా ఎదురుగా ఉంటే వదలబుద్ధి కావట్లేదు. ఈ టాప్ బాగయ్యేదేనా? చూడ్డానికి మళ్ళీ వెళ్తే ఏం చూడాలి? 57 మోడలే మంచిదా, 58, 59 కోసం ఆగాలా? తెలిసినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

కాయిల్ స్ప్రింగ్:

అన్నా, మీ అన్నయ్య చెప్పిన మాటే నాదీను. ఆ టాప్ కోసం కారులో 610 అడుగుల వైరు ఉంది. అదే సంవత్సరం ఫోర్డ్ సన్‌లైనర్, గుడ్డ టాప్‌ది, దొరికితే తీసుకోండి. గాలి అదే, ఎండ అదే, డిక్కీ కూడా మామూలుగా వాడుకోవచ్చు.

తోకరెక్క:

లేక్ ఈరీ గారూ, టాప్ సగంలో ఆగిందని ఈ కారు వదిలేయకండి. వదిలేయాల్సిన కారణాలు వేరే ఉన్నాయి, అవీ చెప్తాను. మా ఇంట్లో ఉన్నదీ 57 స్కైలైనరే. నా ఉద్యోగమంతా ఫ్యాక్టరీల్లో రిలే ప్యానెళ్ళ మీదే గడిచింది కాబట్టి ఈ కారంటే నాకు ప్రత్యేకమైన ఇష్టం. కొంచెం పెద్దగా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

ముందు ఆ 610 అడుగుల సంగతి. కాయిల్ స్ప్రింగ్ గారు చెప్పిన లెక్క నిజమే. దాంతోపాటు 10 రిలేలు (చిన్న కరెంటు అందగానే మోటారుకి పెద్ద కరెంటు కలిపే స్విచ్‌లు), 10 లిమిట్ స్విచ్‌లు (ఒక భాగం చివరిదాకా చేరిందని కబురు చెప్పే చిన్న స్విచ్‌లు), 8 సర్క్యూట్ బ్రేకర్లు (కరెంటు ఎక్కువైతే తెంచేవి), కదిలించే మోటార్లు 3, తాళాలు వేసి తీసే మోటార్లు 4 ఉన్నాయి. చదివితే భయం వేస్తుంది. కానీ ఇందులో కంప్యూటర్ లేదు, హైడ్రాలిక్ నూనె లేదు. సన్‌లైనర్ గుడ్డ టాప్‌కి నూనె గొట్టాలుంటాయి, అవి కారతాయి. ఇది మొత్తం కరెంటుతో నడిచేదే. ఒక వోల్ట్ మీటరు, ఒక టెస్ట్ ల్యాంపు, వైరింగ్ డయాగ్రం ఉంటే ఎక్కడ ఆగిందో ఇంట్లోనే పట్టుకోవచ్చు. ఇప్పటి కార్లలో అలాంటి టాప్ ఆగితే మనం చేయగలిగేది చాలా తక్కువ.

అది పనిచేసే పద్ధతి చెప్తాను. ఇల్లు కట్టేచోట ఇటుకలు చేతి నుంచి చేతికి అందిస్తారు చూడండి, ముందువాడి చేతికి ఇటుక వస్తేనే తర్వాతవాడికి పని. ఇక్కడా అంతే. డిక్కీ మూత తాళం ఊడాలి. ఊడిందని లిమిట్ స్విచ్ చెప్తేనే మూతని ఎత్తే మోటారుకి రిలే కరెంటు ఇస్తుంది. మూత పూర్తిగా లేచిందని ఇంకో లిమిట్ స్విచ్ చెప్పాలి. ఆ తర్వాతే వెనక సీటు వెనకున్న పలక, టాప్ తాళాలు, చివరికి టాప్. టాప్ వెనక్కి వెళ్తున్నప్పుడు దాని ముందు భాగం, అద్దం పైన ఉండే సుమారు 10 అంగుళాల ముక్క, కిందికి మడుచుకుంటుంది. అది మడవకపోతే అంత పొడుగు టాప్ డిక్కీలో పట్టదు. అన్నీ సర్దుకున్నాక మూత మూసుకుని తాళం పడుతుంది. మొత్తం నిమిషం లోపే అయిపోతుంది.

దీన్నిబట్టి మీ కారుకి ఏమైందో సగం తెలిసిపోతోంది. మూత లేస్తోంది, దిగుతోంది. అంటే స్విచ్ బాగుంది, కరెంటు వస్తోంది, మూత మోటారు బాగుంది. ఫ్యూజ్ మాట మర్చిపోండి, ఇందులో ఉన్నవి సర్క్యూట్ బ్రేకర్లు. మూత లేచాక తర్వాతి అడుగు మొదలవట్లేదు. కాబట్టి వెతకాల్సింది ఆ ఒక్కచోటే.

మళ్ళీ వెళ్ళినప్పుడు ఇలా చేయండి. కారు చదునైన చోట, పైన ఏమీ అడ్డులేని చోట పెట్టించండి. గరాజ్ లోపల వద్దు, మూతా టాపూ రెండూ చాలా ఎత్తుకి లేస్తాయి. గేరు న్యూట్రల్‌లో ఉండాలి, లేకపోతే అది అసలు మొదలవదు. ఇంజిన్ నడుస్తూ ఉండనివ్వండి. పాత బ్యాటరీ ఒక్కదాని మీద ఇంత బరువు ఎత్తమంటే మధ్యలో నీరసపడుతుంది, ఆ తప్పు మనం రిలే మీద వేస్తాం.

స్విచ్ నొక్కేటప్పుడు ఇంకొకర్ని కారు వెనక్కి పంపి చెవి పెట్టమనండి. మూత పైకి వెళ్ళి ఆగిన క్షణంలో "టిక్" అని రిలే చప్పుడు వినపడాలి. టిక్ వినపడి కూడా ఏదీ తిరగకపోతే తర్వాతి మోటారు దగ్గరో, దాని ఎర్త్ దగ్గరో, రిలే కాంటాక్టుల దగ్గరో తేడా. ఎర్త్ అంటే మోటారు నుంచి బాడీకి వెళ్ళే వైరు. అక్కడ తుప్పు పడితే ఉన్న కరెంటు కూడా అందదు. టిక్కే రాకపోతే మాత్రం మూత లేచిందన్న కబురు రిలేకి చేరలేదు. అప్పుడు చూడాల్సింది లిమిట్ స్విచ్. మా కారులో లిమిట్ స్విచ్ విప్పి చూస్తే లోపల గ్రీజు మైనంలా గట్టిపడి ఉంది. పిన్ను లోపలికి వెళ్తోంది, మళ్ళీ బయటికి రావట్లేదు. అంత పెద్ద టాప్ ఆగిపోయింది వేలి గోరంత పిన్ను వల్ల. శుభ్రం చేసి తిరిగి బిగించాను, అంతే.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తున్నాను. ఎవరైనా "వైరు ముక్కతో షార్ట్ చేసి చూద్దాం" అంటే ఒప్పుకోకండి. లిమిట్ స్విచ్‌ని దాటవేస్తే టాప్‌కి మూత ఎక్కడుందో తెలీదు. రెండూ గుద్దుకుంటే వంగేది ఈ కారుకి మాత్రమే ఉండే రేకు. వేరే ఏ ఫోర్డ్ నుంచీ తెచ్చి పెట్టలేం.

ఇప్పుడు వదిలేయాల్సిన కారణాలు. మొదటిది తుప్పు. 57 ఫోర్డ్‌లకి తుప్పు పెద్ద శత్రువు. మీ ఒహాయోలో చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లుతారు కాబట్టి మరీను. కింద పడుకుని ఫ్లోరు, తలుపుల కింది అంచులు, డిక్కీ పక్క గోడల అడుగు చూడండి. అద్దంలా మెరిసే పెయింటు చూసి మురిసిపోవద్దు, టార్చి వేసి లోపలివైపు చూడండి. ఈ కారులో బాడీ వంకరపోతే టాప్ తాళాలు వాటి గుంటల్లో కూర్చోవు. అప్పుడు వైరింగ్ ఎంత బాగుచేసినా లాభం లేదు.

రెండోది, లేని పార్టులు. ఇంజిన్‌కీ బ్రేకులకీ కావలసినవి ఆ ఏడాది మామూలు ఫోర్డ్‌లతో కలుస్తాయి, దొరుకుతాయి. మర తిరుగుతూ మూతని ఎత్తే స్క్రూ జాకులు, వాటిని తిప్పే వంగే షాఫ్టులు, తాళం మోటార్లు, వెనక పలక మెకానిజం ఈ కారువే. డిక్కీ తెరిచి ఉన్నప్పుడు ఫొటోలు తీసుకుని, ఎడమవైపున్నది కుడివైపు కూడా ఉందా అని పోల్చి చూడండి. డిక్కీ మధ్యలో సామానుకి ఒక రేకు తొట్టి ఉండాలి, అదీ చూడండి. టాప్ దించినప్పుడు సామాను పెట్టుకోవడానికి ఉన్న చోటు అదొక్కటే. స్పేర్ టైరు దాని కిందే ఉంటుంది.

ఈ సామాను ఇబ్బంది నిజమే, దాచడం ఎందుకు. డిక్కీ మూత వెనకనుంచి కాక ముందునుంచి లేస్తుంది కాబట్టి పక్కనుంచి వంగి, ఎత్తైన గోడ మీదుగా పెట్టె లోపలికి దించాలి. బరువైన పెట్టెలతో ప్రయాణాలు చేసేవాళ్ళకి ఈ కారు పనికిరాదు.

ఇంకోటి, పెట్రోలు ట్యాంకు. మిగతా ఫోర్డ్‌లలోలాగా డిక్కీ కింద చోటు లేక, వెనక సీటు వెనకాల నిలువుగా పెట్టారు. వెనకనుంచి ఎవరైనా గుద్దితే అది కాస్త లోపలుండటం మంచిదే. కానీ వెనక సీట్లో కూర్చుని అద్దాలన్నీ ఎత్తి ఒక్క నిమిషం వాసన చూడండి. పెట్రోలు వాసన వస్తే బేరం మాట్లాడేముందు ఆ సంగతి తేల్చుకోవాలి.

డెట్రాయిట్ శనివారం:

తోకరెక్క గారు మెషిన్ గురించి చెప్పేశారు, నేను మోడళ్ళ గురించి చెప్తానండి.

ముందు ఒక జాగ్రత్త. నెట్‌లో పార్టులు వెతికేటప్పుడు "స్కైలైనర్" అని ఒక్కమాట కొట్టకండి. 1954 నుంచి 56 దాకా ఫోర్డ్ ఇదే పేరుతో వేరే కారు అమ్మింది. దానికి టాప్ ముందు సగంలో రంగు అక్రిలిక్ పలక, అంటే అద్దంలాంటి ప్లాస్టిక్, ఉంటుంది, టాప్ కదలదు. మా బంధువొకరు దానికి వచ్చే రబ్బరు సీల్ తెప్పించుకుని తిరిగి పంపాల్సి వచ్చింది. "రిట్రాక్టబుల్" అన్న మాట కలిపి వెతకండి.

మీకు కావలసిన కారు మూడే మూడేళ్ళు తయారైంది. 57లో 20,766, 58లో 14,713, 59లో 12,915. ఏటికేడు తగ్గడానికి ఒక కారణం 58లో వచ్చిన మాంద్యం, ఇంకోటి ధర. 57లో సన్‌లైనర్ 2,505 డాలర్లుంటే ఇది 2,942. ఆ రోజుల్లో 437 డాలర్లంటే చిన్న తేడా కాదు.

అసలు ఈ టాప్ మామూలు ఫోర్డ్ కోసం పుట్టనే లేదు. డిజైనర్ గిల్బర్ట్ స్పియర్ ఆలోచన ఇది. ఫోర్డ్ కంపెనీలోనే విలియం క్లే ఫోర్డ్ నడిపిన కాంటినెంటల్ విభాగం సుమారు 22 లక్షల డాలర్లిచ్చి ఖరీదైన కాంటినెంటల్ మార్క్ 2 కోసం చేయించడం మొదలుపెట్టింది. ఇంజనీర్ బెన్ స్మిత్ బృందం పనిచేసి చూపించింది. ఆ కారుకి ఖర్చు కుదరక ఫోర్డ్ డివిజన్‌కి వచ్చింది. పరీక్షలకి ఇంకో కోటీ 80 లక్షల డాలర్ల దాకా పెట్టారని చెప్తారు. అంత డబ్బు పోశారు కాబట్టే ఈ మెకానిజం అప్పట్లోనే అంత నమ్మకంగా పనిచేసిందని నా అభిప్రాయం. పెట్టింది తిరిగి రాలేదన్నది వేరే మాట.

అలాగని ఆ పని పూర్తిగా వృథా కాలేదు. అరవైల లింకన్ కాంటినెంటల్ కన్వర్టబుల్, థండర్‌బర్డ్ కన్వర్టబుల్ చూడండి, డిక్కీ మూత ఇలాగే వెనక్కి తెరుచుకుంటుంది. ఇనుప టాప్ దాచే ఆలోచన మొదట వచ్చింది ఫ్రాన్స్‌లో, 1930లలో ప్యూజో వాళ్ళు ఎక్లిప్స్ పేరుతో అమ్మారు. 41లో క్రైస్లర్ థండర్‌బోల్ట్ కూడా ఉంది కానీ వేళ్ళ మీద లెక్కపెట్టేటన్నే చేశారు. వేల సంఖ్యలో తయారుచేసి మామూలు షోరూముల్లో అమ్మింది స్కైలైనరే. మళ్ళీ ఇలాంటి కార్లు గట్టిగా కనపడింది తొంభైల్లో, మెర్సిడెస్ ఎస్‌ఎల్‌కే వచ్చాకే.

57, 58, 59లో ఏది అంటే, నాకు 57. రెండే హెడ్‌లైట్లు, వెనక గుండ్రని ఎర్ర లైట్లు, సన్నగా లేచిన రెక్కలు. 58కి ముందు నాలుగు హెడ్‌లైట్లు, వెనకా నాలుగు లైట్లు పెట్టారు, నాకు అది కిక్కిరిసినట్టుంటుంది. కానీ 58లో కొత్త 332, 352 క్యూబిక్ అంగుళాల ఇంజిన్లు వచ్చాయి, ఇంత బరువైన కారుకి అవి బాగుంటాయి. 59 చివరికి గెలాక్సీ పేరుతో అమ్మారు, నడపడానికి అదే హాయి అనేవాళ్ళూ ఉన్నారు. మీకు ఎదురుగా ఉన్నది 57, అదీ నడుస్తున్నది. ఆగక్కర్లేదండి.

ఇంటర్నేషనల్ ఫోర్డ్ రిట్రాక్టబుల్ క్లబ్ అని ఉంది, కొనకముందే సభ్యత్వం తీసుకోండి. వైరింగ్ డయాగ్రం గురించీ పార్టుల గురించీ అడగడానికి వాళ్ళకన్నా తెలిసినవాళ్ళు లేరు.

కాయిల్ స్ప్రింగ్:

తోకరెక్క గారూ, మీరు చెప్పింది చదివాక నా మాట కొంచెం సడలించుకుంటున్నా. కానీ వాన సంగతి? టాప్‌లో అన్ని అతుకులుంటే నీళ్ళు రావా?

తోకరెక్క:

వస్తాయి, సీళ్ళు పాతవైతే. ముఖ్యంగా ముందు మడిచే ముక్క కీలు దగ్గరా, పక్క అద్దాలు టాప్‌ని తాకే చోటా. పైపుతో నీళ్ళు కొట్టి చూడటం మంచి పద్ధతి, అమ్మేవాళ్ళు ఒప్పుకుంటే. కొత్త సీళ్ళు వేశాక తాళాలు సులువుగా పడటానికి కొన్నాళ్ళు పడుతుంది, ఆ సమయంలో మోటార్లు కష్టపడుతున్నట్టు వినపడితే టెన్షన్ పడొద్దు.

లేక్ ఈరీ:

అందరికీ చాలా థాంక్స్. నిన్న మళ్ళీ వెళ్ళాను, అన్నయ్యని కూడా తీసుకెళ్ళాను. ఇంజిన్ నడిపించి, న్యూట్రల్‌లో పెట్టి స్విచ్ నొక్కాను, అన్నయ్య వెనకాల చెవి పెట్టాడు. మూత లేచింది. టిక్ రాలేదు. ఎన్నిసార్లు నొక్కినా రాలేదు.

ఇంజిన్ ఆపి, మూత లేచి ఉండగానే ఆ లిమిట్ స్విచ్‌కి మీటరు పెట్టాం. ఓపెన్‌గా చూపిస్తోంది, అంటే దాని గుండా కరెంటు వెళ్ళట్లేదు. దగ్గరగా చూస్తే మూత దాన్ని పూర్తిగా నొక్కట్లేదు, చిన్న సందు కనపడుతోంది. అప్పుడు అన్నయ్య దూరంగా వెళ్ళి చూసి "మూత ఎడమవైపు కిందికి ఉందిరా" అన్నాడు. నిజమే, ఎడమ మూల కుడి మూల కన్నా బొటనవేలి మందం తక్కువ. పెద్దాయన్ని అడిగితే, కొన్నేళ్ళ క్రితం ఒక మెకానిక్ ఎడమవైపు షాఫ్ట్ మార్చాడని, ఆ తర్వాత టాప్ వాడలేదని చెప్పారు.

ఫ్లోరు బాగుంది. డిక్కీ కుడి పక్క అడుగున రెండు వేళ్ళు పట్టేంత తుప్పు బెజ్జం ఉంది. తొట్టి ఉంది. పెట్రోలు వాసన లేదు. ముందు ముక్క సీలు ఎండిపోయి పెళుసుగా ఉంది. ఇవన్నీ చెప్తే పెద్దాయన 24,500కి దిగారు. అన్నయ్య వచ్చేటప్పుడు కారులో ఒక్కమాట కూడా వద్దనలేదు, మీటరు నా దగ్గరే ఉంచుకుంటానన్నాడు!

తోకరెక్క గారూ, మూత వంకర నేను సరిచేసుకోగలనా?

తోకరెక్క:

తీసుకోండి. ఆ ధరకి, ఆ ఫ్లోరుతో, అన్ని పార్టులతో ఉంటే ఇంకేం కావాలి.

రెండు స్క్రూ జాకులు కలిసి తిరగాలి. షాఫ్ట్ మార్చిన మనిషి ఎడమ జాకు కొన్ని చుట్లు వెనకబడి ఉండగానే బిగించేసి ఉంటాడు. కుడివైపు పైకి చేరేసరికి ఎడమ ఇంకా దారిలోనే ఉంటుంది, మూత మెలితిరిగి స్విచ్‌ని తాకదు. అందుకని ముందు స్విచ్ బ్రాకెట్ వంచి సందు పూడ్చకండి. అలా చేస్తే టాప్ కదులుతుంది కానీ, వంకర మూత పక్కనుంచే దిగుతుంది. మూసుకునేటప్పుడు తాళం కూడా ఒకవైపే పడుతుంది.

మూత సగం ఎత్తులో ఉన్నప్పుడు ఆపండి. బ్యాటరీ తీగ ఊడదీయండి. మూతకి రెండు వైపులా గట్టి చెక్కలు ఆనించండి, జాకులే మోస్తాయిలే అని ఊరుకోవద్దు, ఆ మూత చాలా బరువు. మీ అన్నయ్యని పక్కనే ఉండమనండి. ఎడమ షాఫ్ట్‌ని జాకు దగ్గర విప్పి, జాకుని చేత్తో కొంచెం కొంచెం తిప్పుతూ, రెండు మూలలూ బాడీ అంచు నుంచి ఒకే ఎత్తుకి వచ్చేదాకా టేపుతో కొలవండి. అప్పుడు షాఫ్ట్ బిగించండి. బ్యాటరీ పెట్టేముందు చెక్కలు తీయడం మర్చిపోకండి. మొదటిసారి మూత మాత్రమే పైకీ కిందికీ నడిపి, రెండు తాళాలూ పడుతున్నాయా చూడండి. అవి సరిగ్గా పడ్డాకే టాప్ జోలికి వెళ్ళండి. అప్పటికీ స్విచ్ దగ్గర సందు మిగిలితే బ్రాకెట్ సంగతి ఫొటో పెట్టి అడగండి, చెప్తాను.